చచ్చిన కాలేజీ - బతికిన కాలేజీ

చెన్నపట్నం చూచి వచ్చిన మన కృష్ణాతీరపు పెద్దలను అక్కడ ఏమేమి చూచినారని అడిగితే, సముద్రమూ, హైకోర్టు మీది దీపస్తంభమూ చెప్పిన పిమ్మట తప్పక చెప్పే పేర్లు రెండుండేవి. ఒకటి చచ్చిన కాలేజీ. రెండవది బతికిన కాలేజీ. మొదటిది ఎగ్మూరులోని మ్యూజియం. రెండవది సెంట్రల్ స్టేషను పక్కనే, పీపుల్స్ పార్కులో ఉండిన జంతుశాల. బెజవాడలో రాత్రి బండి ఎక్కి తెల్లవారి సెంట్రల్‌లో దిగిన సంసారికి పిల్లలను పులి వద్దకు తీసుకొనిపోవటానికి జట్కా కూడా అక్కరలేకపోయేది. పాఠం చెప్పే పంతులు ఒక్కడైనా లేని ఆ రెండు చోట్లకూ కాలేజీలని పేరెందుకు వచ్చినదో చిన్నతనంలో మాకు బోధపడలేదు. ఒకచోట సీసాలలో పాములు, గడ్డి కూరిన పక్షులు, తిమింగిలం ఎముకలు. మరొకచోట బోనులలో ప్రాణమున్న మృగాలు. చచ్చినవీ బతికినవీ అన్న తేడా ఒక్కటే తెలిసేది. ఆ రెండు కాలేజీలనూ ఏర్పరచినవాడు ఒకే మనిషి అని తెలిసినది చాలా కాలానికి.

ఆయన పేరు ఎడ్వర్డ్ గ్రీన్ బాల్ఫర్. 1813 సెప్టెంబరు 6వ తేదీన స్కాట్లండులోని మాంట్రోజ్ పట్టణంలో పుట్టినాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ నౌకాశాఖలో కెప్టెను. మేనమామ జోసెఫ్ హ్యూమ్ పార్లమెంటులో ప్రతి పైసా ఖర్చుకూ లెక్క అడిగి మంత్రులను విసిగించిన సంస్కరణవాది. అన్న జార్జి తరువాత షాంఘైలో మొట్టమొదటి బ్రిటిషు కాన్సలు అయినాడు. ఎడ్వర్డ్ ఎడింబరోలో శస్త్రవైద్యం చదివి 1833లో పట్టా పుచ్చుకొని, మరుసటి ఏడు మద్రాసుకు ఓడ ఎక్కినాడు. దారిలో మారిషస్ దీవి చూచినాడు. చెరకు తోటలకోసం అడవులు నరికివేయగా ఆ దీవి ఎట్లా బోడివడి ఉన్నదో ఆ యువకుని కంటబడినది. ఆ దృశ్యం ఆయన జీవితాంతం మరువలేదని ఆయన తరువాతి రచనలు చూచినవారు గ్రహించగలరు.

ఆయన మద్రాసులో దిగేనాటికి మన గుంటూరు సీమ ఏ స్థితిలో ఉన్నదో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1832-33 కరువులో ఆ సీమ ఎముకలగూడై పోయినది. డొక్కల కరువని జనం పెట్టిన పేరులోనే అంతా ఉన్నది. పక్కన కృష్ణ నిండుగా పారి సముద్రంలో కలుస్తుండగానే జనం ఆకలితో చచ్చినారు. ఆనకట్ట లేని రోజులవి. బెజవాడ వద్ద దాని పని 1852లో మొదలై 1855లో పూర్తి అయినది. వానలు ఎందుకు తప్పుతున్నవి, చెట్లకూ వానకూ ఉన్న సంబంధమేమిటి అన్నది ఆనాడు పండితుల గోష్ఠిలోని ప్రశ్న కాదు, ప్రాణసమస్య. బాల్ఫర్ 1849లో మద్రాసు సాహిత్య సంఘపు పత్రికలో ఈ విషయమే వ్రాసినాడు. చెట్లను కొట్టివేసినచోట ఊటలు ఇంకిపోవుననీ, నేల ఎండిపోవుననీ, కరువును ఆపదలచినవారు మొదట అడవిని కాపాడవలెననీ ఆయన వాదం. మద్రాసు ప్రభుత్వం 1856లో అడవులశాఖ నెలకొల్పి క్లెగ్‌హార్న్ అనే మరొక స్కాట్లండు వైద్యుని దానికి అధికారిని చేయటానికి ముందు ఇటువంటి వ్రాతలే వాతావరణం కల్పించినవి. బెజవాడ ఎండలు అనుభవించేవారికి ఆ వాదంలోని సత్యం వేరే నిరూపించవలసిన పని లేదు.

వైద్యుడుగా ఆయన పని సేనల వెంట. పటాలంలో ఏ కంటోన్మెంటున ఎందరు చచ్చినారు, ఏ జ్వరంతో, ఏ నెలలో అని లెక్కలు కట్టినాడు. 1849లో విషూచి గురించిన లెక్కలను గ్రంథంగా వెలువరించినాడు. లెక్కలు కట్టటం మేనమామ పోలిక కావచ్చును. కాని లెక్కలతోనే తృప్తిపడే మనిషి కాడు. హిందుస్తానీ, పారశీకం క్షుణ్ణంగా నేర్చినాడు. ఆ రెండు భాషల కవుల నుంచి ఏరిన గుల్‌దస్తా అనే సంకలనాన్ని 1850లో రాతి అచ్చున వేయించినాడు. తిరువల్లిక్కేణిలో మహమ్మదీయుల కొక పుస్తకశాల ఏర్పడటానికి కారకుడైనాడు. కాన్‌క్వెస్ట్ అనే వైద్యుని ప్రసూతి గ్రంథాన్ని తానే హిందుస్తానీలోకి మార్చి, అదే గ్రంథాన్ని తమిళంలోకి, కన్నడంలోకి, మన తెలుగులోకి అనువదింపజేసి, స్వంత డబ్బుతో అచ్చు వేయించినాడు. తెలుగున ఆనాడు అచ్చుకెక్కుతున్నవి పురాణాలు, శతకాలు, బడిపుస్తకాలు. పురిటిమంచం మీద చచ్చిపోయే ఆడకూతుళ్ళకోసం ఎక్కడో మాంట్రోజ్‌లో పుట్టినవాడు తెలుగు గ్రంథం అచ్చు వేయించటం మన సాహిత్య చరిత్రకారులు ఒక వాక్యంలోనైనా చెప్పదగిన సంగతి. చెప్పినవారు నాకు కనబడలేదు.

ఈ భాషాజ్ఞానమే ఆయనను చేపాకం నవాబు దర్బారుకు చేర్చినది. 1850 ప్రాంతంలో కర్ణాటక నవాబు వద్ద ప్రభుత్వ ప్రతినిధిగాను, నవాబు వంశీకుల భరణాలు పంచే అధికారిగాను పనిచేసినాడు. అప్పటి నవాబు గులాం మహమ్మద్ గౌస్ ఖాన్ వయసులో చిన్నవాడు, కవితాప్రియుడు, పేరుకే ప్రభువు. ఆయనకు మిగిలిన వైభవాలలో జంతువుల దొడ్డి ఒకటి. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

1851లో మద్రాసులో ప్రభుత్వ మ్యూజియం తెరచినారు. సాహిత్య సంఘం వారిచ్చిన 1,100 రాళ్ళూ ఖనిజాలూ దానికి మూలధనం. వాటిని పెట్టటానికి దొరికిన చోటు నుంగంబాకం దగ్గర సెయింట్ జార్జి కోట కాలేజీ మేడ. తెలుగువారికి అది పరాయి చోటు కాదు. ఎల్లిస్ దొర పూనికతో 1812లో అక్కడ దొరలకు దేశభాషలు నేర్పటం ఆరంభమైనది. ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబమని 1816లో ఎల్లిస్ మొదట ప్రకటించినది అక్కడి పనిలో భాగంగానే. సి.పి. బ్రౌను 1817లో ఓడ దిగి చేరినది ఆ కాలేజీలోనే. అట్లా మనవాళ్ళ నోట పడిన కాలేజీ అన్న మాట దొరల చదువు పోయినా పోక, మేడలోకి వచ్చిన రాళ్ళకు అంటుకొన్నది. రాళ్ళ వెంట ఎగ్మూరుకూ, మృగాల వెంట పీపుల్స్ పార్కుకూ నడిచిపోయినది. మాటలకు కూడా కాళ్ళున్నవి.

ఈ మ్యూజియానికి మొదటి అధికారి బాల్ఫర్. గది నిండా రాళ్ళు పేర్చి తలుపు తెరచినంత మాత్రాన జనం రారని ఆయనకు తెలుసు. తెల్లవారి కచేరీ మనుషులు రాళ్ళకు పేర్లు వ్రాసి అద్దాల బీరువాలలో పెట్టినచోటికి కూలివాడు, పాలమ్మే ఆడది, పల్లెటూరి రైతు ఎందుకు వస్తారు? వచ్చినా ఏమి చూస్తారు? కాని మ్యూజియం వీరికోసమేనని బాల్ఫర్ పట్టు. పండితులకోసమైతే ఒక బీరువా, ఒక బల్ల చాలును. 1854లో చోటు చాలక మ్యూజియం ఎగ్మూరులోని పాంథియన్ తోటలోకి మారినది. ఒకప్పుడు దొరలు విందులకూ నాట్యాలకూ కూడిన తోట అది. రాజమహేంద్రవరంతో సహా కొన్ని జిల్లా పట్టణాలలో కూడా చిన్న మ్యూజియాలు పెట్టించినారు గాని అవి కొద్ది ఏండ్లకే మూతపడినవి.

పాంథియన్‌లో సజీవమైన ఒక పులిపిల్లా ఒక చీతా చేరినవి. చేరగానే జనం విరుచుకొని పడినారు. రాళ్ళకు రానివారు పులికి వచ్చినారు. పులికి వచ్చినవారు, వచ్చినాము గదా అని లోపలికి పోయి రాళ్ళు కూడా చూచినారు. బాల్ఫర్ గ్రహించిన రహస్యం ఇంతే. చూడటానికి చిన్నది. కాని నలభై ఏండ్ల వయసున, సర్కారు కొలువులో ఉన్న పెద్ద వైద్యుడు, ఇది తన హోదాకు తగిన పనేనా అని సంకోచించక ఆ రహస్యాన్ని పట్టుకొని పోయినాడు. ఆ చీతా సంగతి ఇక్కడ ఒక మాట. ఆనాడు దక్కను మైదానాలలో తిరిగి, రాజులకు వేటకుక్కవలె మచ్చికైన ఆ మృగం మన దేశంలో పూర్తిగా అంతరించినదని 1952లో ప్రకటించినారు. 2022లో ఆఫ్రికా నుంచి విమానం మీద తెప్పించి మధ్యప్రదేశ్ అడవిలో వదలవలసి వచ్చినది.

ఇక చేపాకం దొడ్డి సంగతి. నవాబు తన జంతువులన్నిటినీ మ్యూజియానికి ఇచ్చేటట్లు ఒప్పించినాడు బాల్ఫర్. భరణాలు పంచే అధికారి అడిగితే నవాబు కాదనగలిగినాడా అన్న సందేహం నాకు కలుగక పోలేదు. ఏమైనా 1855లో పాంథియన్ తోటలో జంతుశాల వెలసినది. ఏడాది తిరిగేసరికి అందులో మృగాలు, పక్షులు, సర్పజాతులు కలిసి 300కు పైబడినవి. మన దేశంలో ప్రజలకోసం ఏర్పడిన మొదటి జంతుశాలగా దీనిని చెప్పుతారు. కలకత్తా నగరానికి ఆలీపూరు జంతుశాల రావటానికి ఇంకా ఇరవై ఏండ్లు పట్టినది. లండనులో రీజెంట్స్ పార్కు జంతుశాల 1828లోనే తెరచినా, సామాన్య జనాన్ని లోపలికి రానిచ్చినది 1847లో.

అదే 1855 అక్టోబరులో నవాబు గౌస్ ఖాన్ సంతానం లేక చనిపోయినాడు. డల్హౌసీ నవాబు పదవినే రద్దు చేసినాడు. చేపాకం మహలు సర్కారు పరమైనది. ఆయన అప్పులు తేల్చటానికి వేసిన కమిషనులో బాల్ఫరే తరువాత సభ్యుడై కూర్చున్నాడు. రాజ్యం పోయినది, బిరుదు పోయినది, రాజుగారి పులి మాత్రం మిగిలి, ఎవరి దర్శనం చేయటానికి నిన్నటి వరకు పరవానా కావలసి ఉండెనో ఆ పులిని చింతాద్రిపేట నేతగాడూ, కృష్ణా జిల్లా నుంచి వ్యాజ్యం పనిమీద వచ్చిన కరణమూ సమానంగా నిలబడి చూచినారు. దానివలన పులికి ఏమి సుఖం కలిగినదని అడుగవచ్చును. ఏమీ కలగలేదు. ఇనుప కటకటాలు, నాలుగడుగుల నేల. ఆనాటి జంతుశాలలన్నిటా చావులు విస్తారం. చచ్చిన మృగాన్ని గడ్డి కూరి అద్దాల బీరువాకు పంపటం వాడుక. బతికిన కాలేజీలో నివాసి చచ్చిన కాలేజీలో నివాసి కావటానికి ఎంతో కాలం పట్టేది కాదు. కొత్త జంతువు వచ్చినదన్న వార్త వెనుక పాత జంతువు ఏమైనదన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దానిని అడగటం మన తరానికి గాని పూర్తిగా రాలేదు.

కృష్ణాతీరం వారికి ఈ కథలో వేరొక బాధ కూడా ఉన్నది. అమరావతిలో దీపాలదిన్నె అనే దిబ్బను 1797 ప్రాంతంలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుని మనుషులు కట్టడాల రాతికోసం తవ్వగా మహాస్తూపం బయటపడినది. కల్నల్ మెకంజీ చూచినాడు, బొమ్మలు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వి తీసిన పాలరాళ్ళు చెన్నపట్నం చేరి, కాలేజీ ముంగిట పచ్చికలో పడి ఎండకు ఎండినవి, వానకు తడిసినవి. అవి బాల్ఫర్ అధీనంలోకి వచ్చినవి. పులికి బోను కట్టించిన చోటనే బుద్ధునికి చూరు లేకపోయినది. బాల్ఫర్ వాటిని పట్టించుకోలేదని అనటం న్యాయం కాదు. ఆయన కాలంలోనే విలియం టేలర్ అనే పాదిరీ చేత వాటి వివరాలు వ్రాయించినారు; 1858లో ట్రైప్ అనే సైనికాధికారి వాటికి ఛాయాచిత్రాలు తీసినాడు. కాని పై అధికారులు లండనుకు పంపుమన్నప్పుడు రాళ్ళు కదిలిపోయినవి. 1859లో 121 శిలలు ఓడ ఎక్కినవి. లండనులో ఒక బండ్ల కొట్టంలో పడి ఉండగా ఫెర్గూసన్ కనిపెట్టినాడు. 1880లో బ్రిటిషు మ్యూజియంకు చేరినవి. మిగిలినవాటిలో ఒక భాగం నేటికీ ఎగ్మూరు చచ్చిన కాలేజీలోనే ఉన్నది. బాల్ఫర్ అడవులకోసం వాదించినాడు, స్త్రీల వైద్యంకోసం వాదించినాడు. ఈ రాళ్ళు ఇక్కడనే ఉండవలెనని గట్టిగా వాదించి ఉంటే బాగుండేదని కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి అనిపించక మానదు. ఆ రోజుల్లో అట్లా వాదించిన దొర మరొకడు నాకు కనబడలేదన్నది కూడా నిజమే.

1859లో ఆయన మ్యూజియం వదిలినాడు. ఆ ఏడాది గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ 116 ఎకరాలలో పీపుల్స్ పార్కు వేయించినాడు. పాంథియన్ తోటలో జంతువులకు చోటు చాలక 1863లో వాటిని ఆ పార్కుకు తరలించి నగర కార్పొరేషను వారికి అప్పగించినారు. ప్రవేశానికి రుసుము లేదు. చచ్చినవీ బతికినవీ అప్పుడు వేరుపడినవి. జనం నాలుక మీద ఆ జంటపేర్లు నిలిచినవి. కొమ్మమూరు కాలవ మీద పడవలో పోయినవారూ, 1899లో బెజవాడ నుంచి సూటిగా రైలు పడిన పిమ్మట బండి ఎక్కినవారూ ఆ రెండూ చూడక తిరిగి రాలేదు. పక్కనే 1900లో మూర్ మార్కెట్టు వెలసినది. అక్కడ పాత పుస్తకాల దుకాణాలలో తెలుగు రచయితలు కొందరు గడిపిన సాయంత్రాలు వారి జీవితంలో మంచి భాగం.

తరువాతి బాల్ఫర్ పై అధికారి. బర్మా, సింగపూరు ప్రాంతాలు, అండమానులు, దత్తమండలాలు, హైదరాబాదు, మైసూరు సేనల ఆసుపత్రులు తనిఖీ చేసినాడు. 1860ల నడుమ బెంగుళూరు మ్యూజియం ఏర్పడటంలోనూ ఆయన చేయి ఉన్నది. 1871 నుంచి 1876 వరకు మద్రాసు వైద్యశాఖకు సర్జన్ జనరల్. ఆ అధికారంతో చేసిన పనులలో ఒకటి చాలు. పరదాలో ఉండే స్త్రీ మగవైద్యునికి నాడి చూపక చచ్చిపోతున్నదని ఆయన ఎరుగును. ఆడవాళ్ళకు వైద్యం నేర్పవలెనని 1872 నుంచి ప్రభుత్వంతో వాదించినాడు. 1875లో మద్రాసు వైద్య కళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. అందులో మేరీ షార్లీబ్ ఒకరు. ఇంగ్లండులోనే స్త్రీలకు వైద్యవిద్య తలుపులు ఇంకా సరిగా తెరవని రోజులవి. ఆమె తరువాత లండనులో పట్టా పొంది తిరిగి వచ్చి, 1885లో గోషా స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పినది. ఇరవై ఏండ్ల క్రిందట అచ్చు వేయించిన ప్రసూతి గ్రంథం వెనుక ఉన్న ఆలోచనే ఇక్కడ ఫలించినది.

ఆయన పేరు పండితులలో నిలిపినది మాత్రం భారతదేశ విజ్ఞానకోశం. మొదటి కూర్పు 1857లో మద్రాసులో అచ్చయినది. రెండవది అయిదు సంపుటాలు. కొలువు విరమించి లండను చేరిన పిమ్మట ఏండ్ల తరబడి దిద్ది 1885లో మూడు పెద్ద సంపుటాలుగా మూడవ కూర్పు తెచ్చినాడు. చెట్టు, చేప, రాయి, కులం, నూలు, నూనె, దేవుడు, జ్వరం, అన్నీ అందులో అకారాదిగా కూర్చున్నవి. కలపచెట్ల మీద ఆయన వ్రాసిన వేరొక గ్రంథంలో వలెనే ఇందులోనూ వస్తువులకు తెలుగు పేర్లు ఇచ్చినాడు. రోమను అక్షరాలలో అవి కొన్నిచోట్ల గుర్తుపట్టలేనట్లు వక్రించినవి. అయినా ఈనాడు మన అడవిచెట్ల పేర్లు వెదికేవాడు బ్రౌను నిఘంటువు ఒకచేత, బాల్ఫర్ కోశం ఒకచేత పట్టుకొనక తప్పదు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగున విజ్ఞాన సర్వస్వానికి పూనుకోవటానికి ఒక తరం ముందు, ఒక్క మనిషి ఇంత పని చేసినాడు. తప్పులు ఉన్నవి, ఆ కాలపు దొరల అహంకారపు వాసన కూడా అక్కడక్కడ ఉన్నది.

1876లో ఆయన మద్రాసు విడిచేటప్పుడు హిందువులు, మహమ్మదీయులు, ఐరోపావారు కలిసి సన్మానపత్రం సమర్పించినారు. ఆయన చిత్రపటాన్ని మ్యూజియంలో పెట్టినారు. 1889 డిసెంబరు 8వ తేదీన లండనులో హైడ్ పార్కు సమీపాన చనిపోయినాడు. అప్పటికి అమరావతి శిలలు అదే నగరంలో, కొద్ది మైళ్ళ దూరాన ఉన్నవి. 1891లో మద్రాసు విశ్వవిద్యాలయంలో వైద్యం చదివే స్త్రీలకు ఆయన పేరిట బంగారు పతకం ఏర్పరచినారు.

జంతుశాల మళ్ళీ కదిలినది. సెంట్రల్ చుట్టూ బండ్ల పొగ, రొద పెరిగి, జంతువులకు ఊపిరాడక, 1976లో వండలూరు అడవిలో 1,265 ఎకరాలు కేటాయించినారు. 1985 జూలై 24న కొత్త జంతుశాల తెరచినారు. అంతకు రెండు నెలల క్రిందటే మూర్ మార్కెట్టు కాలిపోయినది. పీపుల్స్ పార్కులో పులిని చూచిన చివరి తరంవాళ్ళలో నేనొకణ్ణి. మా నాన్నగారి చేయి పట్టుకొని, బోను ముందు నిలబడి, అది ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరగటం చూచినాను. మనవైపు హైదరాబాదు నెహ్రూ జంతుశాల 1963లో, అంటే మద్రాసు జంతువులు పీపుల్స్ పార్కుకు పోయిన సరిగ్గా నూరేళ్ళకు ఏర్పడినది. విశాఖపట్నంలో 1977లో మరొకటి వచ్చినది. ఇప్పుడు బెజవాడ పిల్లలు పులిని చూడటానికి పోయేది ఆ రెండింటికి. అక్కడ బోనులు పోయి కందకాలు వచ్చినవి, చెట్ల నీడన జంతువులు మనకు వీపు చూపి పడుకొంటున్నవి. ఎగ్మూరులో చచ్చిన కాలేజీ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. అమరావతి రాళ్ళు గోడల వెంట నిలబడి ఉన్నవి.